బాషాకూ రెడ్డికీ మధ్య పడిన బంతి

కువైట్‌లో, బ్నీద్ అల్ గార్‌లో మేముండిన పాత బిల్డింగును కూల్చేస్తున్నారని తెలిసి, పోయిన నెల ఒక శుక్రవారం ఫింటాస్ నుంచి పనిగట్టుకొని వెళ్ళి చూసొచ్చాను. కిటికీలు, ఏసీలు అప్పటికే పీకేశారు. మూడో అంతస్తులో మా గది గోడ సగం విరిగి, లోపలి ఆకుపచ్చ రంగు రోడ్డు మీదికి కనబడుతోంది. షువైఖ్‌లో ఎవరి గ్యారేజీలోనో మిగిలిపోయిన రంగు అది. మేమే వేశాం. ఆస్పత్రిలా ఉందని నెల రోజులు తిట్టుకున్నాం, ఆ తర్వాత అలవాటు పడ్డాం. ఇప్పుడు నేనొక కంపెనీలో లెక్కలు చూస్తాను. ఇంటర్ తప్పినవాణ్ణి. నాకు లెక్కలు ఎవరూ నేర్పలేదు. స్పేర్ పార్టుల గోడౌన్లో నట్లూ బోల్టులూ ఎంచీ ఎంచీ వచ్చినవే. ఆ గోడౌన్ రోజుల్లోనే, ఇరవై రెండేళ్ళ వయసులో, ఆ ఆకుపచ్చ గదిలో నాకొక మూల దొరికింది.

గదికి పెద్ద మస్తాన్ చిచ్చా. రాయచోటి మనిషి, షువైఖ్‌లో గేర్‌బాక్సుల మెకానిక్. శుక్రవారం పొద్దున మేమంతా ముసుగులు తీయకముందే ఆయన నమాజు ముగించుకొని, మంచం కింది నుంచి వాలీబాల్ బయటికి తీసి, కర్బూజా పండిందో లేదో చూసినట్టు రెండు బొటనవేళ్ళతో నొక్కి చూసేవాడు. "గాలి తగ్గిండాది" అని ఆయన గొణిగితే అదే మాకు మేలుకొలుపు. తర్వాత గరిటెలో నువ్వులనూనె, కర్పూరం వేసి కాచి, ఒక్కో వేలికీ పట్టించేవాడు. ఆట మానేసి చాలా కాలమైంది, కానీ ఆయన వేళ్ళకు ఆ సంగతి ఇంకా తెలియనట్టుండేది. ఆ నూనె వాసన, ఒక పొయ్యి మీద ఉడికే మటన్, రెండో పొయ్యి మీద ఊరి నుంచి తెచ్చుకున్న రాగిపిండితో సంగటి, బాత్రూములో సబ్బుపొడి నీళ్ళలో నానేసిన బట్టల డీజిల్ కంపు, ఇవన్నీ కలిస్తే మాకు శుక్రవారం. మిగతా ఆరు రోజులూ పగలు ఖబూస్ రొట్టెలే కదా.

మా జట్టు పేరు కాలేజీ టీమ్. చిచ్చా రాయచోటి కాలేజీలో బీఏ రెండో ఏడు దాకా చదివాడు. చదివాడనడం కంటే అక్కడి గ్రౌండులో వాలీబాల్ ఆడాడనడం సరి. కువైట్‌కు వచ్చాక అదే గ్రౌండులో ఆడిన మరో ఇద్దరు దొరికితే ఆ పేరు పెట్టేశాడు. తక్కిన మాకెవరికీ కాలేజీ ముఖం తెలియదు. "నేనూ కాలేజీకి పోయినోన్నే, మేకలు తోలుకోని గేటు దాకా" అనేవాడు గంగిరెడ్డి. ఆయన టైల్స్ పని చేసేవాడు, నలభై దాటిన మనిషి, మా వెనుక వరుసలో ఎడమ పక్క ఆయన చోటు. కుడి పక్క బాషా. షువైఖ్ పోర్టులో లోడింగ్ పని, ఎద్దులాంటి ఒళ్ళు.

ఆట తెలియనివారికి ఒక్క మాట చెప్పాలి. ఎదుటివాళ్ళ సర్వీసును వెనుక వరుసవాళ్ళు తీసి, నెట్టు దగ్గర నిలబడ్డ లిఫ్టర్ చేతికి అందించాలి. లిఫ్టర్ దాన్ని మెత్తగా పైకి లేపితే షూటర్ ఎగిరి కొడతాడు. చప్పట్లు షూటర్‌కు పడతాయి. చిచ్చా మాత్రం లిఫ్టర్‌నే మనిషిగా చూసేవాడు. "షూటర్ పెండ్లికొడుకు, లిఫ్టర్ వంటమనిషి. బువ్వ ఉడకలేదంటే పెండ్లికొడుకుని ఎవురన్నా తిడతారా?" అనేవాడు.

ఆ చలికాలం మా వంటమనిషి పోయాడు. పాత లిఫ్టర్ ఖలీల్ వేళ్ళు గేర్‌బాక్సు కింద నలిగి, ఊరికి వెళ్ళిపోయాడు. టోర్నమెంటు ఫైనల్ దగ్గరపడింది. ఆ చోటుకు ఇద్దరున్నారు. ఒకడు ఇమ్రాన్, చిచ్చా చెల్లెలి కొడుకు, పొడుగరి, టైర్ల షాపులో పని. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. రెండోవాడు సూరి, మా రాయచోటి పక్క పల్లె పిల్లవాడే, ఫింటాస్‌లో ఒక ఇంట్లో డ్రైవర్. సూరి చేతిలో బంతి పడితే చప్పుడు వినబడేది కాదు. నీళ్ళలో తేలిన ఆకులా పైకి లేచేది. వాడి నోటి నుంచి కూడా చప్పుడు రాదు. వచ్చిన కొత్తలో, ఇంటి యజమానురాలు, పనివాళ్ళు మామా అని పిలిచే ఆమె, కారులో ఫోను మాట్లాడుతుంటే వీడు దారి గురించి ఏదో అడిగాడట. ఆమె "ఉస్కుత్!" అందట. "నోరు మూయమని. అర్థం తెలీకముందే అర్థమయిపాయ అన్నా. మామా చెడ్డది గాదు. తిండికి లోటు ల్యా. కార్లో మాటుండకూడదు, అంతే" అని నాతో ఒకసారి చెప్పాడు. ఆ రోజు నుంచి కారులోనే కాదు, ఎక్కడా వాడి నోరు సరిగా తెరుచుకోలేదు.

ఇద్దరికీ ఆ ఫైనల్, ఆట కంటే పెద్దది. షువైఖ్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీకి సొంత వాలీబాల్ జట్టు ఉండేది. దాని ముదీర్, అంటే మేనేజరు, ఒక ఈజిప్టు మనిషి, వాళ్ళకు లిఫ్టర్ కావాలి. ఫైనల్ చూడ్డానికి వస్తానని, చేయి నచ్చితే డ్రైవర్ ఉద్యోగమిచ్చి ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, తన కంపెనీ మీదికి మార్పిస్తానని చిచ్చాకు మాటిచ్చాడు. సూరి పనిచేసే ఇంటి పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, వాళ్ళే కార్లు నడుపుకుంటున్నారు. ఈసారి ఇఖామా కొత్తది చేయించేది లేదని మామా చెప్పేసింది. అంటే పూచీ ఉండే వేరే కఫీల్ దొరక్కపోతే వాడు ఊరికి పోవాలి, మళ్ళీ వచ్చే దారి లేదు. ఇంటి వీసా కంపెనీకి మారడానికి ప్రభుత్వం ఎప్పుడో గాని తలుపు తెరవదు. అప్పుడు తెరిచి ఉంది. ఎప్పుడు మూస్తారో తెలియదు. ఇమ్రాన్‌కు ఇఖామా భయం లేదు గాని, టైర్ల షాపు పొగలో దగ్గు పట్టుకుంది. వాళ్ళమ్మ రాయచోటి నుంచి వారం వారం ఫోను చేసి అన్నను అడిగేది, నా కొడుక్కి మంచి చోటు చూడవా అని. ఫైనల్లో నెట్టు దగ్గర ఎవడు నిలబడతాడో ముదీర్ వాణ్ణే చూస్తాడు. నిలబెట్టవలసింది చిచ్చా.

ఆయన నన్నడిగాడు. జట్టులో నేను పనికిరాని ఆటగాణ్ణి, పనికొచ్చే లెక్కగాణ్ణి. గోడౌన్ నుంచి తెచ్చిన వాషర్లు ఎడమ జేబులో వేసుకొని నెట్టు పక్కన కూర్చునేవాణ్ణి. మా వెనుక వరుస సర్వీసు తీయలేక పాయింటు పోయినప్పుడల్లా ఒక వాషర్ కుడి జేబులోకి మారేది. ఆట అయ్యాక కుడి జేబు బరువును బట్టి మా గతి తెలిసేది. లెక్క స్పష్టంగానే ఉంది. ఇమ్రాన్ లిఫ్టర్‌గా ఆడిన రోజు కుడి జేబు తేలిక. సూరి ఆడిన రోజు దానికి రెట్టింపు బరువు.

"ఏం జెప్తాంది రమణా నీ జోబి?" అన్నాడు చిచ్చా, గంజి వంచుతూ.

"ఇమ్రాన్ అంటాంది చిచ్చా."

ఆయన గిన్నె దించి నా వైపు చూశాడు. సొంత మేనల్లుడి పేరు విన్నందుకు ఆయన ముఖంలో సంతోషం కనబడాలి. కనబడలేదు. "సర్వీసు తీసేది బాషా, రెడ్డి. తీయలేకపోయేదీ వాండ్లే. లిఫ్టర్ మారితే వాండ్ల చేతులెట్ల మారతాయి? నీ లెక్కలో యాడో ఓ బోల్టు తక్కువుండాది, సూడు" అన్నాడు.

ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. తర్వాతి శుక్రవారం ప్రాక్టీసుకు నేను నెట్టు పక్కన కూర్చోకుండా వెనుక గీత అవతల, బాషాకూ రెడ్డికీ వెనకాల నిలబడ్డాను. సూరి లిఫ్టర్. సర్వీసు వచ్చింది, ఇద్దరి మధ్యకు. బాషా "లే!" అని అరిచాడు. గంగిరెడ్డి బంతిని వదిలేసి బాషా ముఖంలోకి చూశాడు. బంతి ఇసుకలో పడింది. కాసేపటికి అలాంటిదే మరొకటి. ఈసారి గంగిరెడ్డి "లే! లే!" అని అరుస్తూ ముందుకొచ్చాడు. బాషా కూడా అంతే వేగంగా దూకాడు. ఇద్దరూ గుద్దుకొని పడ్డారు.

"ఏమప్పా రెడ్డీ, తీస్కో అంటే నా మొగం సూస్తావేంది? నా మొగంలో బాలుందా?" అన్నాడు బాషా ఇసుక దులుపుకుంటూ.

"నువ్వు యాడ తీసుకో అన్యావు? నన్ను పిలిస్తివి, సూస్తిని."

"లే అన్యా గదా! లే అంటే తీస్కో అనే గదా!"

"లే అంటే ఒరే అని. మా నాయన పుట్టినప్పట్నించీ అంతే. మరి నేను లే లే, పక్కకు జరుగు అంటాంటే నువ్వెందుకు మీదకొస్తివి దున్నపోతు మాదిరి?"

"నువ్వు తీస్కో తీస్కో అంటివి, వస్తి!"

గ్రౌండంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. బాషా మామూలప్పుడు మాకంటే మంచి తెలుగు మాట్లాడతాడు. బంతి మీదికి వస్తున్నప్పుడు మాత్రం నోట్లో ఇంట్లోని ఉర్దూ వచ్చేస్తుంది. ఉర్దూలో లే అంటే తీసుకో. మా పల్లెల్లో లే అంటే స్నేహితుణ్ణి పిలిచే పిలుపు. ఏళ్ళ తరబడి ఒకే గ్రౌండులో ఆడినవాళ్ళు, ఒకే అక్షరాన్ని అరుచుకుంటూ ఒకరికొకరు వ్యతిరేకం చెప్పుకున్నారు ఇద్దరూ. మరి ఇమ్రాన్ ఆడితే ఎందుకు సరిపోతోంది? వాణ్ణి లోపలికి పంపమని చూశాను. సర్వీసు నెట్టు దాటీ దాటకముందే ఇమ్రాన్ వెనక్కి తిరిగి "బాషా!" అనో "రెడ్డీ!" అనో ఒక్క కేక. పేరు విన్నవాడు తీస్తాడు, రెండోవాడు తప్పుకుంటాడు. లే అనే అవసరమే రాదు. మా జట్టుకు ఇంతకాలం చేతులు ఖలీల్‌వని అనుకున్నాం. నిజానికి గొంతు కూడా అతనిదే.

ఆ సాయంత్రం చిచ్చాకు చెప్పాను. లే మానుకోమని బాషాకు చెబితే వారంలో మానుకోలేడు, ఆవులింత మానుకోమన్నట్టే. కాబట్టి లిఫ్టర్ పిలవాలి. గొంతు ఇమ్రాన్‌ది, చేయి సూరిది. చిచ్చా వేళ్ళు విరుచుకున్నాడు. ఇమ్రాన్ అక్కడే గోడకు ఆనుకొని ఉన్నాడు. సూరి తలుపు దగ్గర, చెప్పులు ఇంకా విప్పకుండా నిలబడ్డాడు.

"గొంతు నేర్పచ్చు. చెయ్యి నేర్పలేము" అన్నాడు చిచ్చా. "సూరి ఆడతాడు."

"బాగుంది మామూ," ఇమ్రాన్ నవ్వాడు గాని ఆ నవ్వు మామూలు నవ్వు కాదు. "మూగోనికి పెద్దపీట, నోరున్నోనికి బెంచీ. అమ్మీకి నువ్వే జెప్పు." దగ్గుకుంటూ లేచి మెట్లు దిగిపోయాడు. రెండు రోజులు గదికి అన్నానికి రాలేదు. చిచ్చా వాడి ముద్ద తీసి మూత పెట్టి ఉంచేవాడు, పొద్దున దాన్ని మజ్జిగలో పిసుక్కొని తానే తినేవాడు.

సూరికి గొంతు నేర్పడం మేడ మీద మొదలైంది. మామా వాళ్ళు బంధువుల ఇళ్ళకు పోయిన గంటా రెండు గంటలు చూసుకొని వాడొచ్చేవాడు. చిచ్చా బంతి విసిరి "పిలువు!" అనేవాడు. సూరి "బాషన్నా" అనేవాడు, గుడి ముందు చెప్పులు విడిచినంత మెల్లగా.

"పిలుస్తాండావా, బాషాను పర్మిషన్ అడుగుతాండావా?"

"గంగిరెడ్డన్నా..."

"నువ్వు అన్నా అనేలోపల బాల్ కింద పడి, పైకి లేచి, ఇంటికి పోతాది రా! కోర్టులో అన్నా గిన్నా లేదు. రెడ్డీ అను."

"ఆయప్ప మా నాయన వయసు చిచ్చా. పేరు పెట్టి ఎట్ల పిలుస్తా?"

గంగిరెడ్డి అక్కడే బట్టలారేస్తున్నాడు. "పిలువురా, నేనేం అనుకోను" అన్నాడు. అయినా వాడి నోరు తిరగలేదు. ఫైనల్ రోజు దాకా తిరగలేదు.

ఫైనల్ షువైఖ్‌లో గోడౌన్ల వెనక ఇసుక గ్రౌండులో. తాళ్ళు పరిచి గీతలు వేశారు. ఎదుటిది పంజాబీ లారీ డ్రైవర్ల జట్టు, సర్వీసు కొడితే గాలి విజిల్ వేసేది. ముదీర్ ఇస్త్రీ చొక్కాతో కుర్చీలో కూర్చున్నాడు. మొదటి సెట్టులో సూరి నోరు విప్పలేదు. లే అని బాషా, లే అని రెడ్డి, బంతి ఇసుకలో. నా కుడి జేబు నిండిపోతోంది. అందిన రెండు మూడు బంతుల్ని సూరి లేపిన తీరుకు పంజాబీలే "వాహ్" అన్నారు, కానీ అందినవి ఎన్ని గనక? సెట్టు పోయింది. ముదీర్ వాచీ చూసుకున్నాడు. చిచ్చా ఇమ్రాన్ వైపు చూశాడు. మార్చే హక్కు ఇంకా ఉంది. ఇమ్రాన్ బూట్ల లేసులు బిగించుకున్నాడు.

చిచ్చా మార్చలేదు. రెండో సెట్టు మొదలైంది. మొదటి సర్వీసు రాగానే మా బెంచీ నుంచి ఒక కేక: "బాషా!" బాషా తీశాడు, సూరి లేపాడు, షూటర్ కొట్టాడు. పాయింటు. తర్వాత "రెడ్డీ!" మళ్ళీ పాయింటు. అరుస్తోంది ఇమ్రాన్. బెంచీ మీద కూడా కూర్చోలేదు వాడు, గీత పక్కన మోకాళ్ళ మీద వంగి, దగ్గు ఆపుకుంటూ ప్రతి బంతికీ పేరు పిలుస్తున్నాడు. తన చోటును పోగొట్టినవాడికి తన గొంతు అరువిస్తున్నానని వాడు అనుకున్నాడో, బంతి ఊరికే పడితే చూడలేని ఆటగాడి జబ్బో, నేనెప్పుడూ అడగలేదు. ఆ సెట్టు మాది.

మూడో సెట్టుకు ముందు పంజాబీలు ఫిర్యాదు చేశారు. రిఫరీ మలయాళీ, వచ్చి బెంచీకి వేలు చూపాడు. "బాహర్ సే ఆవాజ్ నహీఁ. బయటి నుంచి ఇంకోసారి కేక వస్తే పాయింటు పోతుంది" అన్నాడు, సగం హిందీ సగం వేళ్ళతో. ఇమ్రాన్ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు. ఇక మా జట్టులో గొంతు లేదు.

వరుసగా నాలుగు బంతులు నేలపాలయ్యాయి. ఐదోది ఇద్దరి మధ్యకు, నడిమధ్యకు వస్తోంది. బాషా నోరు తెరవబోతున్నాడు. అప్పుడు సూరి వెనక్కి తిరిగాడు. వాడి మెడ మీద నరాలు లేచాయి.

"రెడ్డీ!"

అన్నా లేదు, గిన్నా లేదు. గోడౌన్ రేకులు మోగాయి. గంగిరెడ్డి బతుకులో అంత చిన్నవాడు ఆయన్ని అలా పిలిచి ఉండడు. నలభై దాటిన మనిషి ఇసుకలో పొట్ట మీద జారి ఒంటి చేత్తో బంతిని లేపాడు. సూరి దాన్ని అందుకున్న తీరు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. అంత వంకరగా వచ్చిన బంతి వాడి వేళ్ళు తాకగానే బుద్ధి తెచ్చుకొని నెట్టు మీద నిలబడింది. ఆ తర్వాత వాడు ఆగలేదు. "బాషా! రెడ్డీ! బాషా!" తువ్వాలు వెనకాల ఇమ్రాన్ పెదవులు కూడా కదులుతున్నాయి, చప్పుడు లేకుండా. మేం దగ్గరగా వచ్చాం, సమానం చేశాం, చివరికి రెండు పాయింట్లతో ఓడిపోయాం.

ఓడిపోయామని గంగిరెడ్డికి పట్టలేదు. "రెడ్డీ అనె చూడు నన్ను, నా కొడుకు!" అని మోచేతుల రక్తం తుడుచుకుంటూ అందరికీ చూపిస్తున్నాడు. ముదీర్ లేచి నేరుగా సూరి దగ్గరికి వచ్చి, వాడి చేతులు తిప్పి చూసి, పేరేమిటన్నాడు. సూరి ఇంకా కోర్టులోనే ఉన్నాడు కాబోలు, "సూర్యనారాయణ!" అని అరిచాడు. ముదీర్ ఒకడుగు వెనక్కి వేసి, నవ్వి, "ఖలాస్, కుదిరిపోయింది. ఆదివారం కాగితాలతో రా" అన్నాడు. మామా సంతకం పెట్టింది. ప్రభుత్వం తలుపు మూయకముందే వాడి ఇఖామా మారింది.

ఇప్పుడు ఫింటాస్ సముద్రం ఒడ్డున మన కుర్రాళ్ళు ఆడతారు. పిలిచి లెక్క చెప్పమంటే వెళ్తాను. ప్రతి బంతినీ ఫోన్లో తీస్తారు, ఎవడి చేతిలో ఎన్ని పోయాయో ఇంటికి పోకముందే వాళ్ళకు తెలుస్తుంది. నా వాషర్లను చూపిస్తే నవ్వుతారు. "మైన్", "యువర్స్" అని అందరూ ఒకే మాట అరుస్తారు, మధ్యలో బంతి పడదు. నిజం ఒప్పుకోవాలి, మాకంటే బాగా ఆడతారు. ఆట అయ్యాక ఎవడి కారులో వాడు, ఎవడి చల్లగాలిలో వాడు వెళ్ళిపోతాడు. ఎవడికి ఇఖామా ఎప్పటితో తీరుతుందో, ఎవడికి దగ్గు ఎందుకొస్తోందో పక్కవాడికి తెలియదు. మా కాలంలో తెలియకుండా ఉండే వీలు లేదు. ఆ గది అంత చిన్నది. అది మంచో చెడో తూచడానికి నా దగ్గర త్రాసు లేదు. ఆ ఇరుకు మళ్ళీ కావాలా అంటే వద్దంటాను కూడా.

ఫైనల్ ఓడిన ఆ సాయంత్రం చిచ్చా పికప్‌లో తిరిగి వస్తున్నాం. ముందు ఆయనా నేనూ. వెనకాల తొట్టిలో తక్కినవాళ్ళు, సూరి చుట్టూ ఒకటే గోల. ఇమ్రాన్ ఒక పక్క టైరు మీద కూర్చొని, తువ్వాలు మెడకు చుట్టుకొని గాలికి కళ్ళు మూసుకున్నాడు. మగ్రిబ్ అజాన్ అయిపోయింది. చిచ్చా సెల్‌ఫోను మోగింది, రాయచోటి నుంచి చెల్లెలు. ఆయన బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు. ఆమె గొంతు నాక్కూడా వినబడుతోంది. ఉద్యోగం గురించి ముందు అడగలేదు. భయపడి కాబోలు, చిన్నది అడిగింది. నా కొడుకు ఆడినాడా అంది.

చిచ్చా వెనక అద్దంలోకి చూశాడు.

"ఖేల్యా," అన్నాడు వాళ్ళింటి ఉర్దూలో. ఆడాడమ్మా. మళ్ళీ అన్నాడు, "భార్ బైఠ్‌కో ఖేల్యా." బయట కూర్చొని ఆడాడు.